ఆగిపోయిన పాత కారును ‘ప్రాజెక్టు’గా అమ్మడం: పద్మిని, అంబాసిడర్ యజమానులకు సమగ్ర మార్గదర్శి

ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ప్రీమియర్ పద్మినినో, అంబాసిడర్‌నో, స్టాండర్డ్ హెరాల్డ్‌నో ఎలా అమ్మాలని అడిగేవారు దాదాపుగా రెండే ప్రశ్నలతో మొదలుపెడతారు: అమ్మేముందు రంగు వేయించాలా, ఎంత ధర వస్తుంది? మొదటి ప్రశ్నకు జవాబు, వద్దు. రెండో దానికి జవాబు కారు మెరుపులో దొరకదు. కాగితాలు ఎంత సవ్యంగా ఉన్నాయో, సామాను ఎంత పూర్తిగా ఉందో అందులోనే దొరుకుతుంది.

ప్రాజెక్టు కారును కొనే మనిషి దాన్ని మళ్లీ మొదటి నుంచి తన చేతులతో, తన మెకానిక్‌తో చేయించుకోవాలనే కొంటాడు. కాబట్టి మనం అమ్మవలసింది బాగుచేసిన కారును కాదు, బాగుచేయడానికి వీలున్న కారును. కింది పనులను ఇచ్చిన వరుసలోనే చేయడం మంచిది.

1. ముందు తేల్చుకోవలసింది: ఇది ప్రాజెక్టా, పార్టుల కుప్పా?

ఒక గంట సమయం, ఒక టార్చిలైటు, పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతం, ఒక పాత స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. పద్మినికీ అంబాసిడర్‌కూ విడిగా ఛాసిస్ (అడుగున బరువు మోసే ఉక్కు చట్రం) ఉండదు, బాడీయే కారు బరువును మోస్తుంది. అందువల్ల ఫ్లోరు, తలుపుల కింది రన్నింగ్ బోర్డు భాగం, జాకీ పెట్టే చోట్లు తుప్పుకు పోయి ఉంటే అది పైపై నష్టం కాదు, కారు నడుమే విరిగినట్లు లెక్క. హెరాల్డ్‌కు విడి ఛాసిస్ ఉంటుంది కాబట్టి అక్కడ బాడీ కన్నా ముందు ఛాసిస్‌నే చూడాలి.

అయస్కాంతం అతుక్కోని చోట రంగు కింద పుట్టీ దట్టంగా ఉన్నట్లే. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కినప్పుడు రేకు అప్పడంలా విరిగితే ఆ చోటును కాగితం మీద రాసుకోవాలి. బ్యాటరీ కింది పళ్లెం, ముందు అద్దం రబ్బరు కింది అంచు, డిక్కీ అడుగు, తలుపుల కింది అంచులు, చక్రాల పైవంపులు తప్పకుండా చూడవలసిన చోట్లు.

నా లెక్క ప్రకారం కారును ప్రాజెక్టు అని పిలవడానికి మూడు షరతులు తీరాలి.

☐ ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు చదవగలిగేలా ఉండి, ఆర్సీలో ఉన్న వాటితో సరిపోవాలి.
☐ రిజిస్ట్రేషన్ రద్దయి ఉండకూడదు. గడువు ముగిసినా పరవాలేదు.
☐ జాకీ ఎత్తితే బాడీ వంగకుండా నిలవాలి.

మొదటి రెండింటిలో ఏది తప్పినా దాన్ని ప్రాజెక్టుగా ప్రకటించకూడదు. అలాంటి కారును ప్రభుత్వ అనుమతి ఉన్న తుక్కు కేంద్రానికి అప్పగించి, కారును అప్పగించినట్లు చూపే డిపాజిట్ ధ్రువపత్రం తీసుకోవడమే క్షేమం.

2. కాగితాలు: సగం ధర ఇక్కడే ఉంది

ముందుగా ఆర్సీ ఎవరి పేరున ఉందో చూడండి. మన ఇళ్లలో ఇలాంటి కారు సాధారణంగా కాలం చేసిన తండ్రి పేరునో, తాత పేరునో ఉంటుంది. అప్పుడు మరణ ధ్రువపత్రం, వారసత్వాన్ని చూపే పత్రం, మిగిలిన వారసుల అంగీకారం జతచేసి, ఫారం 31తో ముందు కారును వారసుల్లో ఒకరి పేరుకు మార్పించుకోవాలి. ‘కొనేవాడే చూసుకుంటాడులే’ అని ఈ పనిని వదిలేస్తే, ధర మాట్లాడే రోజున ఆ ఒక్క లోపమే మిగిలిన గుణాలన్నిటినీ మింగేస్తుంది. అన్నదమ్ముల్లో ఒకరు చివరి నిమిషంలో అడ్డుపడి, బయానా తిరిగి ఇవ్వవలసి వచ్చిన సందర్భాలు నేను చూశాను.

రెండోది, గడువు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత ఐదేసి ఏళ్ల చొప్పున ఫారం 25తో పునరుద్ధరించుకోవాలి. పునరుద్ధరణకు కారును తనిఖీకి చూపాలి. కదలని కారును చూపడం కుదరదు కదా, చిక్కు అక్కడే వస్తుంది: కారు బాగుపడితే గాని పునరుద్ధరణ జరగదు, పునరుద్ధరణ జరిగితే గాని పేరు మార్పు సాఫీగా సాగదు. అంటే అమ్మిన తరువాత కూడా కొన్ని నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు, రికార్డులో యజమాని మీరే. దీనికి తీసుకోవలసిన జాగ్రత్తలు ఎనిమిదో మెట్టులో ఉన్నాయి. పునరుద్ధరణ రుసుము కూడా చిన్నది కాదు. 15 ఏళ్లు దాటిన కార్లకు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలయింది, 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. హరిత పన్ను, ఆలస్య రుసుము వేరు. ఇవి ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి.

మూడోది, పాత నంబరు. 1989కి ముందు పద్ధతిలో, ఇప్పటిలా రెండక్షరాల రాష్ట్రం కోడ్ లేకుండా మూడు అక్షరాలూ అంకెలతో ఉన్న నంబరు కార్లకు చేతిరాత ఆర్సీ పుస్తకమే ఉంటుంది. ఆ వివరాలు కంప్యూటరు రికార్డులోకి ఎక్కాయో లేదో రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, ఎక్కకపోతే ఎక్కించమని దరఖాస్తు పెట్టండి. రెండు మూడుసార్లు తిరగవలసి రావచ్చు. అయినా ఇంజిన్ విప్పించడానికి పెట్టే డబ్బు కన్నా ఈ తిరుగుడే ధరను ఎక్కువగా పెంచుతుంది.

నాలుగోది, మార్పులు. పెట్రోలు ధర భరించలేక డీజిల్ ఇంజిన్ ఎక్కించిన అంబాసిడర్లు, పద్మినులు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఆర్సీలో పెట్రోలు అని ఉండి బానెట్ కింద డీజిల్ ఉంటే, ఆ మార్పు రికార్డులో నమోదైందో లేదో చూసి, నమోదు కాకపోతే ఆ మాట ప్రకటనలోనే రాయాలి.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కారైతే 2021 నిబంధనల కింద వింటేజ్ వాహనంగా నమోదుకు అర్హత ఉండవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా కారు అసలు రూపంలో ఉండాలన్నది అందులోని షరతు. అలా నమోదైన బండిని రోజువారీ తిరగడానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. ఈ అర్హత గురించి కొనేవారికి చెప్పండి గాని, హామీ ఇవ్వకండి.

కాగితాల సంచిలో ఉండవలసినవి:

☐ ఆర్సీ అసలు ప్రతి (పోయి ఉంటే పోలీసు ఫిర్యాదు, ఫారం 26తో తీసుకున్న నకలు)
☐ ఎప్పుడో తీర్చేసిన అప్పు ఆర్సీలో ఇంకా కనబడుతుంటే, బ్యాంకు ఇచ్చిన ఫారం 35, బాకీ లేదన్న లేఖ
☐ పాత బీమా, పన్ను రశీదులు, దొరికినన్ని
☐ పెండింగు చలానాలు లేవని సరిచూసుకున్న వివరం
☐ పాత మెకానిక్ బిల్లులు, కారుతో వచ్చిన పుస్తకం, రెండో తాళం చెవి

3. చేతులు కట్టుకోవలసిన చోటు

ఇక్కడే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకుంటారు. మా పెదనాన్నగారి అంబాసిడర్ అమ్మేటప్పుడు, చూడటానికి బాగుంటుందని రెండు తలుపులకు పుట్టీ పెట్టించి ప్రైమర్ కొట్టించాను. చూడటానికి వచ్చినాయన జేబులోంచి అయస్కాంతం తీసి ఆ తలుపు మీద పెట్టాడు. అది జారి కింద పడింది. ఆయన నవ్వి, ‘లోపల ఏం దాచారండీ?’ అన్నాడు. నిజానికి దాచింది చిన్న సొట్టే. కాని ఆ తరువాత నేను చెప్పిన ఏ మాటనూ ఆయన నమ్మలేదు. ప్రైమర్‌కు పెట్టిన ఖర్చు పోయింది, ధరా పడిపోయింది.

అందుకని అమ్మకానికి ముందు ఈ పనులు చేయించవద్దు: కొత్త రంగు, కిందిభాగానికి నల్ల పూత, సీట్లకు కొత్త రెక్సిన్, క్రోమ్ బంపరు మీద వెండి పెయింటు, వైరింగ్ తీసి కొత్తది వేయడం. ఇంజిన్‌ను సగం విప్పి వదలడం వీటన్నిటి కన్నా చెడ్డది. విప్పిన ఇంజిన్‌ను కొనేవాడు తుక్కు ధరకే లెక్కగడతాడు, అది న్యాయమే కూడా.

4. చేయవలసిన పని

*శుభ్రం.* ఎలుకల గూళ్లు, ఎండుటాకులు, సీట్ల కింది చెత్త తీసేయాలి. కారును నీళ్లతో కడగడం మంచిదే గాని, ఫ్లోరులో నీరు నిలవకుండా తలుపులు తెరిచి ఒకరోజు ఎండబెట్టాలి. ప్రెషర్ గన్ వాడితే తుప్పు పట్టిన అంచులు ఊడివస్తాయి.

*విడి సామాను.* ఒక ఆదివారం మొత్తం దీనికే కేటాయించండి. ఆగిపోయిన కారు సామాను ఇంటినిండా చెదిరి ఉంటుంది: హెడ్‌లైటు రింగు అటక మీద, గ్రిల్లు మంచం కింద, అద్దం తిప్పే హ్యాండిల్ మేకుల డబ్బాలో. పైన చెప్పిన అంబాసిడర్ వీల్‌కప్పు ఒకటి ఎంత వెతికినా దొరకలేదు. చివరికి అది పెరట్లో కోళ్లకు నీళ్లు పెట్టే గిన్నెగా బయటపడింది. దొరికిన ప్రతిదాన్నీ సంచిలో వేసి, ఏ భాగానిదో చీటీ కట్టండి. అసలు క్రోమ్ సామాను, గాజులు, బీడింగులు, మీటర్లు, స్టీరింగ్ హారన్ రింగు లాంటివి విజయవాడ ఆటోనగర్‌లో అయినా అడిగిన రోజునే దొరికే వస్తువులు కావు.

*ఇంజిన్ తిరుగుతుందా?* స్టార్ట్ చేయాలన్న ఆత్రం వద్దు. తిరుగుతుందని చూపగలిగితే చాలు. వరుస ఇది:

1. బ్యాటరీ తీగలు విప్పేయండి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే ఆరుబయట, నిప్పుకు దూరంగా తీయించండి.
2. నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిలు పోసి రెండు రోజులు వదిలేయండి.
3. గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, ముందు బంపరు దగ్గరి రంధ్రంలోంచి హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పండి. బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ బిగించకుండా మిగిలిన వేళ్ల పక్కనే ఉంచండి. తన్నితే వేలు విరుగుతుంది.
4. కదిలితే రెండు పూర్తి చుట్లు తిప్పి వీడియో తీయండి. కదలకపోతే ఇంకా ఆయిలు పోసి ఇంకో రెండు రోజులు ఆగండి.

అప్పటికీ కదలకపోతే ‘ఇంజిన్ జామ్ అయింది’ అని రాసుకుని వదిలేయండి. ట్రాక్టరుకు కట్టి గేరులో లాగించి విడిపించే ప్రయత్నం చేస్తే బాగుపడేది కూడా పాడవుతుంది.

*చక్రాలు.* టైర్లలో గాలి నింపి, కారు నెడితే కదిలేలా చేయండి. డ్రమ్ములు పట్టేసి ఉంటే అన్నిటికన్నా ముందు విడిపించవలసింది అవే. దొర్లని కారును ట్రక్కులోకి ఎక్కించడానికి అయ్యే ఖర్చు మీ ధరలోంచే పోతుంది.

5. లోపాల చిట్టా, ఫోటోలు

ఒక తెల్లకాగితం మీద కారును ఐదు భాగాలు చేయండి: బాడీ, ఇంజిన్–గేర్‌బాక్సు, బ్రేకులు–సస్పెన్షన్, వైరింగ్, లోపలి అమరిక. ప్రతి భాగం కింద ఉన్నవి, లేనివి, పాడైనవి విడివిడిగా రాయండి. ‘మామూలు తుప్పు’, ‘చిన్నచిన్న పనులు’ వంటి మాటలు వద్దు. ‘డ్రైవరు పాదాల కింద అరచేయంత రంధ్రం’ అని రాస్తే కొనేవాడికి ఖర్చు తెలుస్తుంది, మీ మీద గురి కుదురుతుంది.

ఫోటోలు ఉదయం ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నీరెండలో, కారును షెడ్డు బయటికి నెట్టి తీయాలి. చెట్టు నీడలో తీసిన ఫోటోలో తుప్పేదో నీడేదో తెలియదు. తడిపిన కారును ఎప్పుడూ ఫోటో తీయవద్దు. తడి మీద పాత రంగు మెరుస్తుంది, వచ్చి చూసినవాడు మోసపోయాననుకుంటాడు.

☐ నాలుగు మూలల నుంచి నాలుగు, నాలుగు పక్కల నుంచి నాలుగు
☐ కార్పెట్టు ఎత్తి ఫ్లోరు, స్టెప్నీ తీసి డిక్కీ అడుగు
☐ ఇంజిన్ గది పై నుంచి, రెండు పక్కల నుంచి
☐ డ్యాష్‌బోర్డు, సీట్లు, తలుపుల లోపలి భాగాలు
☐ తుప్పు ఉన్న ప్రతి చోటు, పక్కన ఒక నాణెం పెట్టి
☐ విడి సామాను మొత్తం దుప్పటి మీద పరిచి ఒక్కటే ఫోటో
☐ ఛాసిస్ నంబరు ప్లేటు, చివరి నాలుగు అంకెలు కాగితంతో కప్పి

6. ధర కట్టే పద్ధతి

పాత కారును పూర్తిగా బాగుచేయించి అడిగే ధరలు చూసి, ‘మనదీ అదే మోడల్ కదా’ అనుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. పై హద్దు, కింది హద్దు విడివిడిగా కట్టుకుంటే ఆ పొరపాటు జరగదు.

కింది హద్దు తుక్కు తూకం ధర. ఇద్దరు ముగ్గురిని అడగండి. పై హద్దుకు ఈ లెక్క వేయండి. ఇవి లెక్క చూపడానికి అనుకున్న అంకెలే, బజారు ధరలు కావు. నడుస్తున్న అదే మోడల్ 3,00,000కు అమ్ముడవుతోందని అనుకుందాం. బాడీ పని, రంగు 90,000, ఇంజిన్ 45,000, వైరింగ్, సీట్లు 35,000, క్రోమ్, గాజులు 25,000, మొత్తం 1,95,000. మిగిలింది 1,05,000. కొనేవాడి శ్రమకు, విప్పాక బయటపడే లోపాలకు అందులో నాలుగో వంతు వదిలితే సుమారు 79,000. అంటే 95,000 అని చెప్పి, 80,000 దగ్గర తెగితే అది సరైన బేరమే.

బాగుచేతకు అయ్యే అంచనాను మీరు వేయకండి. పాత కార్లు చేసే ఒక టింకర్‌కు, ఒక మెకానిక్‌కు చూపి అడగండి. కారుతో ముడిపడ్డ జ్ఞాపకాలకు బజారులో విలువ కట్టరు. స్టీరింగో, ఒక బ్యాడ్జో దాచుకోవాలనిపిస్తే ప్రకటనకు ముందే తీసి, ‘లేనివి’ జాబితాలో రాయండి.

7. ప్రకటన, చూడటానికి వచ్చేవారు

ప్రకటన ఇంత సూటిగా ఉంటే చాలు:

‘1987 ప్రీమియర్ పద్మిని, పెట్రోలు. మొదట మా నాన్నగారి పేరున, ఇప్పుడు మా అమ్మగారి పేరున ఉంది. ఆర్సీ అసలు ప్రతి ఉంది, గడువు 2017లో ముగిసింది. 2015 నుంచి నడపలేదు. ఇంజిన్ చేత్తో తిరుగుతోంది, స్టార్ట్ చేసి చూడలేదు. ఎడమ రన్నింగ్ బోర్డు, డ్రైవరు వైపు ఫ్లోరు తుప్పుతో పోయాయి. బంపర్లు, గ్రిల్లు, నాలుగు వీల్‌కప్పులు అసలువి. వెనుక ఎడమ లైటు గాజు, రేడియో లేవు. చక్రాలు దొర్లుతాయి, ట్రక్కు మీదే తీసుకెళ్లాలి. ధర 95,000. కారు చూసిన తరువాతే బేరం.’

‘స్టార్ట్ చేసి చూడలేదు’ అన్నదానికీ ‘బ్యాటరీ పెడితే స్టార్ట్ అవుతుంది’ అన్నదానికీ చాలా తేడా ఉంది. అంత సులువే అయితే బ్యాటరీ పెట్టి చూపవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు.

వచ్చినవారికి లోపాల చిట్టా ముందు చేతికిచ్చి, తరువాత కారు చూపండి. వాళ్ల మెకానిక్‌ను తెచ్చుకోమనండి. కారు వద్దు, ఆర్సీ, ఛాసిస్ ప్లేటు మాత్రం ఇవ్వమని అడిగేవారికి ఎంత ధర చెప్పినా ఇవ్వకండి. ఆ కాగితాలు దొంగబండికి అతుక్కుంటే మొదట పిలుపు వచ్చేది మీకే. వేరే రాష్ట్రం వారైతే ఫారం 28తో నిరభ్యంతర పత్రం కావాలి. ఢిల్లీ పరిసరాల్లో పాత వాహనాల మీద ఆంక్షలున్నాయి కాబట్టి, అక్కడివారైతే కారును ఎక్కడ నమోదు చేయించుకుంటారో ముందే అడగండి.

8. డబ్బు, ఒప్పందం, అప్పగింత

ఈ మెట్టును తొందరపడి దాటవద్దు. అమ్మినా రికార్డులో పేరు మారకపోతే, ఆ కారు వల్ల ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత రికార్డులోని యజమాని మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. ‘పదేళ్ల కిందటే అమ్మేశాను’ అన్న మాట అక్కడ అక్కరకు రాదు.

1. డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోండి. ఒకే లావాదేవీలో 2 లక్షలు లేదా అంతకు మించి నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం.

2. స్టాంపు పేపరు మీద ఒప్పందం రాయండి. ఉన్నది ఉన్నట్లుగా అమ్ముతున్నట్లు, లోపాల చిట్టా జతచేసినట్లు, పునరుద్ధరణ, పేరు మార్పు ఖర్చులు కొన్నవారివేనని, అవి పూర్తయ్యే దాకా కారును రోడ్డెక్కించబోమని, అప్పగించిన తేదీ, గంటతో సహా అందులో ఉండాలి. చిట్టా ప్రతి పుటా మీద ఇద్దరి సంతకాలూ తీసుకోండి.

3. అమ్మకాన్ని రవాణా శాఖకు తెలిపే ఫారం 29, పేరు మార్పు దరఖాస్తు అయిన ఫారం 30లలో కొనేవారి పేరు, చిరునామా, తేదీ నింపిన తరువాతే సంతకం పెట్టండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చిన ఒక పరిచయస్తుడికి, ఆ కారు మూడు చేతులు మారాక కూడా చలానాలు వస్తూనే ఉన్నాయి.

4. పేరు మార్పుకు పూచీగా కొంత డిపాజిట్ అడగండి. కొత్త ఆర్సీ చూపిన రోజున తిరిగి ఇస్తానని ఒప్పందంలోనే రాయండి. నిజంగా కారు చేయించుకునేవాడు దీనికి పెద్దగా అభ్యంతరం చెప్పడు.

5. కొనేవారి ఆధార్ నకలు, ఫోటో తీసుకోండి. మీరిచ్చే నకళ్ల మీద ‘ఫలానా నంబరు కారు అమ్మకం కోసం మాత్రమే’ అని అడ్డంగా రాసి సంతకం చేయండి.

6. కారును ట్రక్కు మీదే పంపండి. బీమా, చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేని కారును ‘ఊరు దాటేదాకా నడుపుతాం’ అన్నా ఒప్పుకోకండి. ట్రక్కు డ్రైవరు చేతికి ఒప్పందం నకలు, ఆర్సీ నకలు ఇవ్వండి. ఎక్కించాక కారు, ట్రక్కు నంబరు ఒకే ఫోటోలో పడేలా తీసుకోండి.

9. కారు వెళ్లిపోయాక

కొన్నవారు మీ రాష్ట్రంవారే అయితే 14 రోజుల్లోగా, వేరే రాష్ట్రంవారైతే 45 రోజుల్లోగా అమ్మకం సంగతిని రవాణా శాఖకు తెలపవలసిన బాధ్యత అమ్మినవారిది. ఫారం 29ను కొనేవారి చేతికిచ్చి ఊరుకోకుండా, ఇంకో ప్రతిని మీరే కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు దాచండి.

మూడు నెలలకోసారి ఆ నంబరు మీద యజమాని పేరు మారిందో లేదో, కొత్త చలానాలు ఏమైనా పడ్డాయో చూడండి. కారు ఇంకా టింకరింగ్ షెడ్డులోనే ఉందని కొన్నవారు చెబితే ఒక ఫోటో పంపమని అడగండి. కొత్త ఆర్సీ నకలు చేతికి వచ్చిన రోజున డిపాజిట్ తిరిగి పంపి, ఆ నకలును ఒప్పందం, పోస్టు రశీదు, ట్రక్కు ఫోటోలతో కలిపి ఒకే కవరులో పెట్టి బీరువాలో దాచండి.